కాస్టెల్లియో: మతవిశ్వాసమును మానవధర్మమును

మతవిశ్వాసమునకును మనుష్యునియెడ దయకును విరోధము తటస్థించినపుడు సజ్జనుడు దేని నాశ్రయింపవలెను? 16వ శతాబ్దమున ఐరోపాఖండమునం దీ ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో సెబాస్టియన్ కాస్టెల్లియో యను నుపాధ్యాయుడు ముఖ్యుడు. ఆతని చరిత్రము సంగ్రహముగా నిచట వ్రాయబడుచున్నది.

కాస్టెల్లియో 1515లో సవోయ్ ప్రభువుల రాజ్యమున జన్మించెను. లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలయందు పండితుడు. ప్రాచీనగ్రంథములను మూలభాషలలో పరిశీలించి, ఆ విద్యచే మనుష్యుని వివేకమును శీలమును సంస్కరింపవలెనని తలచిన మానవతావాదుల సంప్రదాయమునకు చెందినవాడు. 1541లో మతసంస్కర్తయగు కాల్విన్ ప్రోత్సాహమున జెనీవా పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యెను. అయితే బైబిలునందలి పరమగీతమును కాల్విన్ దైవపరముగా నన్వయింపగా, ఇతడు శృంగారకావ్యముగనే గ్రహించెను. ఈ మొదలగు భేదములచే బోధకపదవి లభింపక, బేసెలు నగరమునకు వెడలిపోయెను. అచ్చట దారిద్ర్యమువలన రైనునదిలో కొట్టుకొనివచ్చు కట్టెలను పట్టి వంటచెరకుగా వాడుకొనుచు, బైబిలును లాటినులోనికి పరివర్తించి 1551లో ప్రకటించెను.

1553 అక్టోబరు 27వ తేదీన మైఖేల్ సెర్వీటస్ అను స్పెయిను దేశపు వైద్యుడు, త్రిత్వమును నిరాకరించెనను నేరముపై, జెనీవాలో సజీవముగా దహింపబడెను. కాల్విన్ ఆ దండనమును సమర్థించుచు 1554లో గ్రంథము రచించెను. ఆ సంవత్సరముననే కాస్టెల్లియో, మతభేదమునకై మనుజుని చంపరాదని, పూర్వాచార్యుల యభిప్రాయములను, లూథర్, ఎరాస్మస్ మున్నగువారి యభిప్రాయములను కూర్చి, మారుపేరుతో నొక గ్రంథమును వెలువరించెను.

ఆతని వాదసారాంశ మిది. త్రిత్వము, దైవనిర్ణయము మున్నగునవి గూఢవిషయములు. పండితులు శతాబ్దములుగా వాదించినను వివాదము తీరలేదు. పొరుగువానిని ప్రేమించుట, పగవానిని క్షమించుట యన్ననో, బాలురకును తెలియు ధర్మములు. గూఢమైనదానికొరకు స్ఫుటమైనదాని నుల్లంఘించుట క్రైస్తవము కాజాలదు. మన మీమాంసకులును సందిగ్ధవాక్యమును వాక్యశేషముచే నిర్ణయింతురు గాని, సందిగ్ధముచే స్పష్టమును బాధింపరు. శాస్త్రము చదివినవారి కీ న్యాయము సుబోధము.

ఇట్లనుటచే నాతనికి విశ్వాసము శిథిలమయ్యెనని శంకింపరాదు. ఆతడు క్రీస్తును విడువలేదు. క్రీస్తు శీలము ననుసరించుటయే క్రైస్తవునకు ముఖ్యలక్షణమని నమ్మెను. దయ విశ్వాసమునకు లోటు కాదు, దాని ఫలమే యని యాతని తాత్పర్యము.

ఇందుకై యాతడు నిందల పాలయ్యెను. నదిలోని కట్టెలను పట్టుటయు దొంగతనమని ప్రత్యర్థులు వ్రాసిరి. బేసెలులో తనపై విచారణ జరుగుచుండగనే 1563 డిసెంబరు 29వ తేదీన మరణించెను. కాల్విన్ గ్రంథమునకు సూటిగా వ్రాసిన ఖండనము 1612లో గాని ముద్రితము కాలేదు.

1903లో కాల్విన్ అనుయాయులే జెనీవాలో సెర్వీటస్ దహనము జరిగిన తావు చెంత, ఆ కార్యము తప్పని యంగీకరించుచు, శిలాస్మారకము నిలిపిరి. కాస్టెల్లియో యొంటరిగా పలికిన ధర్మమును ప్రతిపక్షమువారి సంతతి యంగీకరించుటకు మూడువందల యేబది సంవత్సరములు పట్టినది. కావున సోదరులారా, సమ్మతులైనవారు కొద్దిమందియే యని సత్పురుషుడు దయాపక్షమును విడువరాదు.