బస్తీ బాగు — మన పట్నం నేర్పిన పాఠాలు



సంఘసేవ అనగానే మన కళ్ల ముందు కదిలేది పండుగనాడు పంచే బట్టలు, చలికాలంలో ఇచ్చే దుప్పట్లు, వరద వచ్చినప్పుడు వండిపెట్టే అన్నం. ఇవి చేయవలసినవే. అయితే ఒక ఊరి బాగు ఇంతటితో తీరుతుందా? మన హైదరాబాదు చరిత్రను కాస్త తిరగేస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

పట్నం వెలసింది 1591లో. ఆ తరువాత కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుష్షిఫా అనే వైద్యాలయాన్ని కట్టించాడు. రోగులకు ఉచితంగా మందు ఇవ్వడమే కాదు, యునానీ వైద్యం నేర్పే ఏర్పాటు కూడా అక్కడే ఉండేది. ఈనాడు రోగికి మందు ఇస్తూనే రేపటికి హకీములను తయారుచేయాలన్న ఆలోచన అంత పాతది. ఆ పేరుతో మొహల్లా నేటికీ ఉన్నది.

ఇక 1908 సంగతి. పెద్దల నోట విననివారు ఉండరు. సెప్టెంబరు 28న, రంజాన్ నెల అప్పుడే మొదలైన వేళ, మూసీ పొంగింది. సుమారు 15,000 మంది ప్రాణాలు పోయాయి. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. కొమ్మ పట్టుకున్న మనిషిది ఏ మతం, ఏ కులం అని ఆ చెట్టు అడిగిందా?

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బాధితుల కోసం సహాయ కార్యక్రమాలు నడిపించారు. అంతటితో ఆగి ఉంటే మళ్లీ వరద, మళ్లీ గంజి కేంద్రాలు అన్నట్టే ఉండేది. కాని 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, వరద ఎందుకు వచ్చింది, మళ్లీ రాకుండా ఏం చేయాలి అని అడిగారు. ఎగువన నీటిని ఆపాలని ఆయన సలహా చెప్పారు. ఆ సలహా ఫలమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. ముంచిన నీరే తాగే నీరైంది!

1912లో, ఏడో నిజాం కాలంలో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వెడల్పు చేయడం, మోరీలు వేయడం, కొత్త ఇళ్లు కట్టడం దాని పని. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుస ఆ రోజులదే. ప్లేగు వంటి రోగాల భయం తగ్గడానికి ఈ పనులు అవసరమయ్యాయి. అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఇల్లు కూల్చిన ప్రతి పేదవాడికీ కొత్త ఇంట్లో చోటు దొరికిందా? పైనుంచి వచ్చే పథకంలో బస్తీవాళ్ల మాటకు విలువ తక్కువ. ఆ లోటు తీర్చింది ప్రజల్లోంచి వచ్చినవారే.

అలాంటివారిలో భాగ్యరెడ్డి వర్మ గారు (1888–1939) ఒకరు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, అంటరానివారని దూరం పెట్టిన వాడల్లో పిల్లలకు బడులు పెట్టించారు. తాగుడు మానండి, పిల్లలను చదివించండి అని గడప గడపకూ తిరిగి చెప్పారు.

మరొకరు సుగ్రా హుమాయూన్ మీర్జా గారు (1884–1958). ఉర్దూలో నవలలు రాశారు, పత్రికలు నడిపారు. ఆడపిల్లకు చదువెందుకు అన్న కాలంలో 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల ప్రారంభించారు. చందాలు అడగడంతో సరిపెట్టక తమ ఆస్తినే దానికి అప్పగించారు. ఉపన్యాసాలు ఇచ్చేవారు ఎందరో ఉంటారు. ఉన్న ఇల్లు ఇచ్చేవారు ఎందరు?

స్వాతంత్ర్యం వచ్చాక, 1967లో, నగరపాలక సంస్థ ఆధ్వర్యాన పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలైంది. దీని పద్ధతి వేరు. కార్యకర్త ముందు బస్తీలో తిరిగి, మీకేం కావాలి అని అడగాలి. బస్తీవాళ్లు కమిటీగా కూడాలి. తమ వంతుగా డబ్బో చాకిరీయో కలపాలి. అప్పుడు సర్కారు సాయం చేస్తుంది. ఈ విధంగా బాల్వాడీలు, మహిళా మండళ్లు, కుట్టు కేంద్రాలు వెలిశాయి. గడప దాటడమే కష్టమైన ఆడవాళ్లు కూడా మొహల్లాలోనే పని నేర్చుకుని నాలుగు డబ్బులు కళ్లజూడగలిగారు. తరువాత స్థలానికి పట్టా, బ్యాంకు అప్పు, సొంత కష్టం మూడూ కలిపి గుడిసెల చోట పక్కా ఇళ్లు కట్టుకున్న బస్తీలూ ఉన్నాయి. యూనిసెఫ్ వంటి సంస్థలు కూడా ఈ పనికి చేయూతనిచ్చాయి.

ఇదంతా పాతకథ అనుకుంటున్నారా? 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు నీరు హఫీజ్ బాబా నగర్ ఇళ్లలోకి వచ్చింది. యువకులు నడుంలోతు నీళ్లలో అన్నం పొట్లాలు మోశారు. ఆ పిల్లలకు సలాం చెప్పాల్సిందే. కాని నీళ్లు తీసిన తరువాత, చెరువు ఎందుకు పొంగింది, నాలా ఎవరు మూశారు అని అడిగే పని కూడా ఎవరో ఒకరు చేయాలి కదా! 1908 తరువాత అడిగిన ప్రశ్న అదే.

ఈ చరిత్రలో మనకు కనబడేది ఇది. అన్నం పెట్టడం ఖైరాత్. రేపు ఆ అన్నం వాడే సంపాదించుకునేటట్టు చేయడం ఖిద్మత్. మొదటిది ఒక పూట పని, రెండవది ఏళ్ల తరబడి చేయవలసిన పని. మొదటిదానికి ఫోటోలు ఉంటాయి, రెండవదానికి లెక్కల పుస్తకం ఉంటుంది. నిలిచిన పనులను చూడండి. వాటి వెనుక స్థిరమైన ఆస్తో, బస్తీవాళ్ల చేయో తప్పక ఉంటుంది.

కాబట్టి సభ్యులందరికీ నా మనవి ఒక్కటే. దుప్పట్లు మానవద్దు. కాని వసూలైన చందాలో కొంత భాగం ఒక కుట్టు కేంద్రానికో, ఒక ఆడపిల్ల చదువుకో, బస్తీలో ఒక చదువు గదికో తీసి పక్కన పెట్టండి. పెట్టేముందు ఆ బస్తీ తల్లులను ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

చింతచెట్టు ఎక్కినవాళ్లు ఆ రోజు బతికారు. కాని ఊరిని కాపాడింది ఆ తరువాత కట్టిన కట్టలే. మన సంఘం చెట్టూ కావాలి, కట్టా కావాలి.