కొల్లేటి గూడబాతులు

ఐహోళె శాసనం (క్రీ.శ. 634)లో రవికీర్తి, రెండవ పులకేశి పిష్టపురాన్ని జయించిన సంగతి చెప్పి, ఆ వెంటనే కునాల సరస్సు నీరు హతుల రక్తంతో ఎరుపెక్కిందని వర్ణించాడు. పిష్టపురమంటే మన పిఠాపురం. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారులు గుర్తించారు. నాటి రాజులు పోయారు గాని కొల్లేటిపై తగవు మాత్రం పోలేదు. ఇప్పుడది కాంటూరు రేఖల తగవు.

ఈ తగవులో ఎవరూ వాంగ్మూలం అడగని సాక్షి ఒకటుంది: గూడబాతు. ముక్కు కింద సంచీ వేలాడే ఈ పెద్ద పక్షి కొల్లేటి ప్రాంతంలో గూళ్లు కడుతున్నదని 1946లో కనుగొన్నవారు కె.కె. నీలకంఠన్. మలయాళ పాఠకులు ఆయనను ఇందుచూడన్‌గా ఎరుగుదురు. అప్పుడక్కడ గూళ్లు కట్టిన గూడబాతులు దాదాపు 3000. 1975 ప్రాంతానికి ఆ స్థావరం పూర్తిగా అంతరించింది. (ఇంత పెద్ద కొలువును లోకానికి తెలిపినవారు తెలుగువారు కాకపోవడం నన్ను కొంచెం బాధిస్తుంది.)

కారణాల గురించి తొందరపడి తీర్పు చెప్పను. సరస్సు గర్భంలో చేపల చెరువుల యుగం మొదలైంది మాత్రం ఆ దశకంలోనే. పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇవ్వడం మంచి ఉద్దేశంతో జరిగిన పనే. కానీ కాలక్రమాన వాటిలో చాలా భాగం కౌలు పేరిట పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి పంపే సరస్సు గట్ల మధ్య ముక్కలైంది.

1999లో అయిదవ కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చెరువుగట్లను యంత్రాలతో తెగగొట్టారు. పెద్ద చెరువులవారికది నష్టం. చిన్నవారికి మాత్రం జీవనాధారమే పోయింది. రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 2008లో అభయారణ్యాన్ని మూడవ కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది.

ఈలోగా పక్షి తిరిగి వచ్చింది. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి శీతకాలంలో, ఎండ ముదరకముందే వెళ్లండి. గట్టు మీద మెల్లగా, మాటలు తగ్గించి నడవండి. చెట్లు చాలని చోట అటవీశాఖవారు నీటిలో నిలబెట్టిన ఇనుప మంచెలు కనిపిస్తాయి. వాటి మీద పుల్లలు పేర్చి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గూడబాతులు పిల్లలకు చేపలు తినిపిస్తుంటాయి.