బోర్డు చదవడం నేర్పే పుస్తకాలు

పరికరం తయారుచేసేవాడు ముందు కాగితం మీద సర్క్యూట్ గీసుకుంటాడు, తర్వాత బోర్డు చేయిస్తాడు. రివర్స్ ఇంజనీరింగ్ చేసేవాడిది వెనకనడక. వాడి చేతిలో బోర్డు ఉంటుంది, కాగితం ఉండదు. ఆ కాగితాన్ని మళ్ళీ పుట్టించాలి. ఇది నేర్చుకోవడానికి ఏ పుస్తకం కొనాలని అడిగే కుర్రాళ్ళు ఈమధ్య తరచుగా తగులుతున్నారు. నాలుగు పేర్లు చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఈ పుస్తకాలకి ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే ఏది ముందు కొనాలో దానంతటదే తేలుతుంది.

ఒకప్పుడు ఈ ప్రశ్నకే చోటు లేదు. అమెరికాలో 1931లో జాన్ రైడర్ అనే ఆయన రకరకాల కంపెనీల రేడియోల సర్క్యూట్ డయాగ్రములన్నీ పోగేసి లావుపాటి సంపుటాలుగా అచ్చువేయడం మొదలుపెట్టాడు. రిపేరు షాపువాళ్ళకి అవే వేదాలు. అయితే అందులో ఉన్నది కంపెనీవాళ్ళు ఇచ్చిన బొమ్మే. ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు, ఒక్కొక్కరి గుర్తులు వేరు. 1946లో ఇండియానాపొలిస్‌లో హోవర్డ్ శామ్స్ వేరే పద్ధతి పట్టాడు. ఆయన మనుషులు సెట్టుని విప్పి, ఫొటోలు తీసి, వోల్టేజీలు కొలిచి, తామే కొత్తగా, అన్ని కంపెనీలకీ ఒకే పద్ధతిలో సర్క్యూట్ గీసేవారు. దానికి ఫొటోఫ్యాక్ట్ అని పేరు. ఇప్పుడు మనం పెద్ద పేరు పెట్టి పిలిచే పనిని వాళ్ళు రోజూ, జీతానికి, ఎవరికీ భయపడకుండా చేశారు. నన్నడిగితే ఈ విద్యకి మొదటి పాఠ్యపుస్తకాలు ఆ ఫొటోఫ్యాక్ట్ ఫోల్డర్లే.

తయారీదార్లు కూడా అప్పట్లో దాచుకునేవాళ్ళు కాదు. టెక్‌ట్రానిక్స్, హ్యూలెట్ ప్యాకర్డ్ పరికరం కొంటే దాని మాన్యువల్లో సర్క్యూటే కాదు, ఏ భాగం ఏ పని చేస్తుందో వివరంగా ఉండేది. 1978 నాటి ఆపిల్ 2 మాన్యువల్లో సర్క్యూట్ ఉంది. 1981లో ఐబీఎం తన పీసీకి టెక్నికల్ రిఫరెన్స్ అచ్చువేసింది. అందులో బోర్డు డయాగ్రములూ ఉన్నాయి, బయాస్ ప్రోగ్రాము మొత్తం పాఠమూ ఉంది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ఆ ప్రోగ్రాము మీద ఐబీఎంకి కాపీరైటు ఉంది. హ్యూస్టన్‌లో కాంపాక్ వాళ్ళు అలాంటి యంత్రమే చేయబోయినప్పుడు, ఆ పుస్తకం చదివినవాడు బయాస్ రాయడానికి పనికిరాకుండా పోయాడు. చదివినవాళ్ళు ఆ ప్రోగ్రాము ఏం చేస్తుందో మాత్రమే కాగితం మీద పెట్టాలి. ఆ పుస్తకం మొహం కూడా చూడనివాళ్ళు ఆ కాగితం పట్టుకుని కొత్తగా రాయాలి. 1982 నవంబరులో కాంపాక్ పోర్టబుల్ అలా బయటికొచ్చింది. పుస్తకం చదవడమే అనర్హత అయిన సందర్భం ఇంకొకటి నాకు గుర్తురావడం లేదు!

ఆ తర్వాత రోజుల్లో మాన్యువళ్ళ నుంచి సర్క్యూట్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. చిప్పులు చిన్నవయ్యాయి. బోర్డులో రెండు వైపులే కాక లోపల నాలుగు, ఆరు, ఎనిమిది పొరలు వచ్చాయి. రాగి గీత ఒక రంధ్రంలో మునిగితే మళ్ళీ ఎక్కడ తేలుతుందో కంటికి కనపడదు. దానికి తోడు 1998లో అమెరికా చేసిన డిజిటల్ కాపీరైటు చట్టం, కాపీరైటు సరుకుకి వేసిన డిజిటల్ తాళాన్ని తప్పించుకోవడాన్ని నేరం చేసింది. మనం డబ్బిచ్చి కొనుక్కున్న పెట్టెని విప్పి చూసి, చూసింది పుస్తకంగా రాయవచ్చా అన్నది అప్పటినుంచి లాయర్ని అడగాల్సిన సంగతి అయింది.

ఆ ప్రశ్నకి ఎదురు నిలిచింది ఆండ్రూ హువాంగ్. అందరూ బన్నీ అంటారు. 2001 చివర్లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వచ్చేసరికి ఆయన ఎంఐటీలో పీహెచ్‌డీ విద్యార్థి. ఆ యంత్రాన్ని నిద్రలేపే అసలు ప్రోగ్రాము కేవలం 512 బైట్లు. అది పైకి కనపడే రోమ్ చిప్పులో లేదు, వేరే పెద్ద చిప్పు కడుపులో దాచారు. రోమ్‌లో కనపడేది పనికిరాని పాత పాఠం. చిప్పుని కోయకుండా బన్నీ ఒక ఉపాయం చేశాడు. దాచిన మాట ప్రాసెసర్ దగ్గరికి వెళ్ళాలంటే బోర్డు మీద రాగి దారిలోనే వెళ్ళాలి కదా! ఆ గీతల మీది పూతని గీకి, చిన్న బోర్డు ఒకటి అంటించి, పోయే మాటని దారిలోనే విన్నాడు. బోర్డు చదవడం ఎందుకు నేర్చుకోవాలో చెప్పమంటే నేను ఈ ఒక్క ఉదాహరణే చెప్తాను.

2002లో దాన్ని పరిశోధనా పత్రంగా వెలువరించాడు. ఎంఐటీ యాజమాన్యం ఈ పనితో తమకి సంబంధం లేదని ఉత్తరం ఇచ్చింది. ఆయన గురువూ, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ లాయర్లూ వెనక నిలబడ్డారు. పుస్తకం వేస్తామన్న వైలీ సంస్థ చట్టానికి భయపడి తప్పుకుంది. ముందు తనే అచ్చువేసుకున్నాడు, 2003లో నో స్టార్చ్ ప్రెస్ తీసుకుంది. పదేళ్ళ తర్వాత, ఎంఐటీ నెట్‌వర్కు ద్వారా పరిశోధనా వ్యాసాలు దించుకున్న కేసులో ఇరుక్కున్న ఆరన్ స్వార్ట్జ్ ఆత్మహత్య చేసుకున్నప్పుడు, అతని స్మృతికి ఈ-పుస్తకాన్ని ఉచితం చేశారు. పుస్తకం పేరు ‘హాకింగ్ ది ఎక్స్‌బాక్స్’. ఆ యంత్రం ఇప్పుడు పాత సామాన్ల కొట్టుకి పోయినా పుస్తకం పాతబడలేదు. పెట్టె విప్పడం, సోల్డరింగు, బోర్డుని చూసి ఏది ఏమిటో పోల్చుకోవడం ఇవన్నీ మొదటి అధ్యాయాల్లోనే ఉన్నాయి. చివర్లో చట్టం గురించి ఒక లాయరు రాసిన అధ్యాయం ఉంది. దాన్ని దాటేయకండి.

అచ్చంగా బోర్డు నుంచి సర్క్యూట్ గీయడం మీద పుస్తకం కావాలంటే, సింగపూర్ ఇంజనీరు ఎన్‌జీ కెంగ్ టియాంగ్ 2015లో రాసింది ఉంది. రెండు వైపులా ఫొటోలు తీయడం, మల్టీమీటర్ బీప్ వింటూ గీత వెంట పోవడం, విసియోలో బొమ్మ గీయడం అన్నీ ఓపికగా చెప్తాడు. లోపలి పొరల సంగతికి జో గ్రాండ్ 2014 వ్యాసం చదవండి. గరుకు కాగితంతో అరగదీయడం దగ్గర్నుంచి ఎక్స్‌రే దాకా అన్నీ ప్రయత్నించి చూశాడు. 2021లో వచ్చిన ‘హార్డ్‌వేర్ హాకింగ్ హ్యాండ్‌బుక్’ బాగుంటుంది కానీ దాని చూపు తాళాలు తీయడం మీద, సర్క్యూట్ గీయడం మీద కాదు.

ఇవన్నీ చెప్పాక కూడా, ముందు కొనాల్సింది వీటిలో ఏదీ కాదంటాను. హోరోవిట్జ్, హిల్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ కొనండి. మొదటి ముద్రణ 1980, మూడోది 2015. అందులో రివర్స్ ఇంజనీరింగ్ పాఠాలు ఉండవు. కానీ నాలుగు డయోడ్లు, ఒక పెద్ద కెపాసిటర్ పక్కపక్కన కనపడగానే ఇది ఏసీని డీసీ చేసే చోటని తెలియకపోతే, గీతలన్నీ తప్పులేకుండా గీసినా మిగిలేది ముగ్గులాంటి బొమ్మే. లిపి నేర్చుకుని భాష నేర్చుకోనట్టు.

ఆ పుస్తకం సగం చదివాక ఒక పాత టెక్‌ట్రానిక్స్ పరికరం, రెండు పొరల బోర్డు ఉన్నది, సంపాదించండి. దాని మాన్యువల్ తెచ్చి చూడకుండా పక్కన పెట్టండి. మీ బొమ్మ మీరు గీసి, తర్వాత మాన్యువల్ తెరిచి పోల్చుకోండి. జవాబు చివరి పేజీలో ఉన్న లెక్కల పుస్తకమే అది. తేడాలు వస్తే ముందు వెనకవైపు ఫొటోని చూసుకోండి. దాన్ని అద్దంలోలా తిప్పకుండా ముందువైపు ఫొటో మీద పెడితే కుడి ఎడమ అవుతుంది, రంధ్రాలు ఒకదానికొకటి కలవవు.