కరాటే పరిభాష: ఒకినావా నుంచి టోక్యో దాకా

కరాటే శిక్షణలో వినిపించే జపనీస్ మాటలు అతి ప్రాచీనమైనవన్న నమ్మకం లోకంలో బలంగా ఉన్నప్పటికీ, వాటిలో అధిక భాగం 20వ శతాబ్దపు తొలి నాలుగు దశాబ్దాలలో, ఒక ద్వీపవాసుల విద్య జపాన్ ప్రధాన భూభాగపు బడులలోకీ విశ్వవిద్యాలయాలలోకీ ప్రవేశించిన కాలంలో స్థిరపడినవే. ఆ ద్వీపం ఒకినావా. 1879లో జపాన్ తన పాలనా విభాగంగా కలుపుకొనేవరకు అది చైనాతో శతాబ్దాల రాకపోకలు గల ర్యూక్యూ రాజ్యానికి కేంద్రం. అక్కడివారు ఈ విద్యను చేయి అనే అర్థంలో 'తీ' అనీ, చైనా చేయి అనే అర్థంలో 'తోదీ' అనీ పిలిచేవారు.

చైనా సంబంధపు జాడ 'కతా'ల పేర్లలో నేటికీ చెరిగిపోలేదు. కతా అంటే ఊహలోని ప్రత్యర్థులను ఎదుర్కొంటూ ఒక క్రమంలో సాగే కదలికల వరస. కుషాంకు అనే కతాకు ఆ పేరు ఒక చైనా రాయబారి పేరు మీదుగా వచ్చిందని చెబుతారు. గోజు-ర్యూ సంప్రదాయంలోని సేసాన్, సాన్సేరు, సూపారింపే అనేవి 13, 36, 108 అనే సంఖ్యలకు దక్షిణ చైనా ఉచ్చారణను అనుసరించిన రూపాలు. అందువల్ల ఆ సంప్రదాయపు విద్యార్థి ఇచి, ని, సాన్ అంటూ జపనీస్‌లో అంకెలు లెక్కపెడుతూనే, మరో ఉచ్చారణలోని అంకెలను పేర్లుగా ధరించిన కతాలను అభ్యసిస్తాడు.

ఈ విద్యను బడిలోకి తెచ్చినవాడు ఇతోసు అంకో. 1901 ప్రాంతంలో షూరి పట్టణపు ప్రాథమిక పాఠశాలలో మొదలైన ఆ బోధన, ఒకరిద్దరు శిష్యులకు ఏకాంతంగా నేర్పే పాత పద్ధతికి భిన్నంగా, బాలురను వరసల్లో నిలబెట్టి అంకెల లెక్కన కదిలించే వ్యాయామ తరగతి రూపం దాల్చింది. ఇంతమందిని ఒక్కసారిగా నడిపించాలంటే ఆజ్ఞలు కావాలి. సిద్ధం కమ్మనే 'యోయ్', మొదలుపెట్టమనే 'హజిమే', ఆపమనే 'యమే' వంటి మాటలకు ఇటువంటి తరగతి గదే సహజమైన చోటు. ఒకినావా బడులలో స్థానిక భాష మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కపలక వేలాడదీసిన కాలమది. కరాటే బోధనాభాష జపనీస్ కావడం వెనుక ఈ ఒత్తిడి కూడా ఉందని గుర్తించకపోతే చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది.

1922లో ఒకినావా గురువు ఫునకోషి గిచిన్ టోక్యోలో ఈ విద్యను ప్రదర్శించి అక్కడే నిలిచిపోయిన తర్వాత, జూడో స్థాపకుడు కానో జిగోరో ప్రోత్సాహం లభించడంతో, జూడో దుస్తులు, రంగుల పట్టీలు, 'క్యూ', 'దాన్' అనే శ్రేణులు క్రమంగా కరాటేకు సంక్రమించాయి. దాన్ అనేది అంతకు పూర్వం 'గో' అనే పలక ఆటలో ఆటగాళ్ల స్థాయిని సూచించిన మాట. దానిని యుద్ధవిద్యకు వర్తింపజేసినవాడు కానో. ఫునకోషి తొలి దాన్ పట్టాలను 1924లో ఇచ్చాడు. పైస్థాయి, మధ్యస్థాయి, కిందిస్థాయి అనే అర్థాలలో కరాటేలో వినిపించే జోదాన్, చుదాన్, గెదాన్ కత్తిసాములోనూ వాడుకలో ఉన్న మాటలే.

ఇక 'కరాటే' అనే పేరు సంగతి. అందులోని 'కరా' అనే ధ్వనికి చైనాను సూచించే లిపి సంకేతం బదులు శూన్యాన్ని సూచించే సంకేతాన్ని 1905లోనే ఒకినావా గురువు హనషిరో చోమో ఉపయోగించినా, చైనాతో వైరం ముదిరిన 1930ల జపాన్‌లోనే ఆ మార్పు నిలదొక్కుకుంది. 1936 అక్టోబరు 25న ఒక స్థానిక పత్రిక నాహా నగరంలో ఏర్పాటు చేసిన సమావేశంలో ఒకినావా గురువులు కూడా దానిని అంగీకరించారు. అంతకు ముందే ఫునకోషి తన 1935 నాటి గ్రంథంలో కతాల పేర్లను సైతం మార్చి, పినాన్‌ను హేయాన్‌గా, నైహాంచిని తెక్కిగా, కుషాంకును కాంకుగా చేశాడు. పైగా పినాన్ వరసలోని మొదటి రెండు కతాల క్రమాన్ని తారుమారు చేయడంతో, ఆయన షోతోకాన్ సంప్రదాయంలో ఆ వరసలోని మొదటి కతా ఇతరులకు రెండవది. పాత పేర్లను వదలని షితో-ర్యూ, వాదో-ర్యూ శాఖలు ఉన్నాయి కనుక ఈ గందరగోళం తీరలేదు.

మెలకువల పేర్ల నిర్మాణం మాత్రం తెలుగువారికి కొత్తగా తోచదు. విశేషణం ముందు, క్రియా నామం తర్వాత వస్తాయి: 'మాయే' ముందు, 'కేరి' తన్ను, రెండూ కలిస్తే 'మాయే గేరి', ముందుకు తన్నే తన్ను. భంగిమ అనే అర్థంగల 'తాచి' సమాసంలో 'దాచి' అవుతుంది. కూర, కాయ కలిసి కూరగాయ, తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అయ్యే మన గసడదవాదేశానికీ దీనికీ చారిత్రక బంధుత్వం ఉందనలేము గాని, పోలిక విస్మయకరం. శిక్షణశాలకు వాడే 'దోజో' విషయంలో బంధం నిజమైనదే: బుద్ధుడు జ్ఞానోదయం పొందిన స్థలాన్ని తెలిపే 'బోధిమండ' అనే సంస్కృత పదానికి చైనా అనువాదకులు కల్పించిన మాట అది.

జూడో నుంచి వచ్చిన 'ఇప్పోన్' అనే మాట ఆ క్రీడలో పోటీని అక్కడికక్కడే ముగిస్తే, కరాటే పోటీలలో మూడు పాయింట్లకు మాత్రమే గుర్తు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే తొలిసారి ప్రవేశించినప్పుడు న్యాయనిర్ణేతలు పలికినదీ ఈ అర్థంలోనే.