వాహన సైబర్ భద్రత

బయటి నెట్‌వర్క్‌తో అనుసంధానమైన వాహనాలను, డ్రైవరు లేకుండా నడిచే వాహనాలను చొరబాట్ల నుంచి కాపాడే సాంకేతిక రంగాన్ని వాహన సైబర్ భద్రత అంటారు. ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎవరైనా చొరబడితే సమాచారం పోతుంది. వాహనంలోకి చొరబడితే బ్రేకులు, స్టీరింగు పరుల చేతికి చిక్కి ప్రాణాల మీదికి వస్తుంది.

నేపథ్యం

1986లో బాష్ సంస్థ క్యాన్ బస్ పద్ధతిని ప్రకటించింది. ఇంజను, బ్రేకులు, తలుపుల కంట్రోల్ యూనిట్లు ఒకే తీగల జత మీద సందేశాలు పంపుకునే ఏర్పాటు ఇది. సందేశం ఎవరు పంపారో సరిచూసే పద్ధతి ఇందులో లేదు. బండికి బయటి ప్రపంచంతో సంబంధం లేనంతకాలం అది లోపమనిపించలేదు. బ్లూటూత్, సిమ్‌కార్డు వచ్చి చేరాక అదే పెద్ద బలహీనతగా మారింది.

దాడుల చరిత్ర

2010లో అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా (శాన్ డియెగో) విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక కారు నెట్‌వర్క్‌లోకి ప్రవేశించి బ్రేకులు పనిచేయకుండా చేసి చూపారు. 2015లో భద్రతా పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ రోడ్డు మీద వెళ్తున్న జీప్ చెరోకీని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచే అదుపు చేశారు. దాంతో తయారీ సంస్థ సుమారు 14 లక్షల వాహనాలను సవరణ కోసం వెనక్కి పిలిచింది. 2022లో మైకోడస్ జీపీఎస్ ట్రాకర్‌లో లోపాలు బయటపడ్డాయి. దాని తొలి పాస్‌వర్డ్ 123456. ఆ ట్రాకర్‌ను చేజిక్కించుకున్నవారు బండి ఎక్కడుందో తెలుసుకోవడమే కాక ఇంధన సరఫరానూ ఆపగలరు.

నియమాలు

2020లో ఐక్యరాజ్యసమితి వేదిక ఆమోదించిన ఆర్155 నిబంధన, వాహనం రోడ్డు మీద తిరిగినంతకాలం ముప్పులను కనిపెట్టి ఉండే బాధ్యతను తయారీదారుపై పెట్టింది. 2021లో ఐఎస్ఓ/ఎస్ఏఈ 21434 ప్రమాణం వెలువడింది. ఈ బాటలోనే భారత్‌లో సైబర్ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-189, సాఫ్ట్‌వేర్ సవరణలకు సంబంధించిన ఏఐఎస్-190 ప్రమాణాలు రూపొందాయి.

తెలుగు నేలపై

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవరు లేని వాహనాలపై పనిచేసే టిహాన్ కేంద్రం ఉంది. దాని పరీక్షా ప్రాంగణం 2022 జూలై 4న ప్రారంభమైంది. ఇలాంటి వాహనాలు కెమెరా, లేజర్‌తో దూరం కొలిచే లైడార్, జీపీఎస్‌లను నమ్మి నడుస్తాయి. నకిలీ సంకేతాలతో వాటిని మోసగించకుండా చూడటమే ఈ రంగానికి అసలు సవాలు.

శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరానికి ఈ ముప్పు దూరపు మాట కాదు. ఆ తీరానికి చేరువలో టెక్కలి, పలాసల మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై తిరిగే ప్రయాణికుల బస్సులు, వాహన ట్రాకర్ల ప్రమాణమైన ఏఐఎస్-140 పరిధిలోకి వస్తాయి. దాని ప్రకారం 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకు ట్రాకర్, అత్యవసర బటన్ తప్పనిసరి. ఆపదలో ప్రయాణికురాలిని కాపాడాల్సిన ఆ పరికరానికే రక్షణ కరవైతే, ఆమె ఎక్కడుందో దుండగులకు తెలిసిపోతుంది. అందుకే ట్రాకర్ అమర్చిన రోజే పాస్‌వర్డ్ మార్చాలి. బస్సు తిరిగినన్నాళ్లూ సాఫ్ట్‌వేర్ సవరణలు అందాలి.