మాట దాచే పెట్టె కథ

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన ఇళ్ళల్లో దాచుకునే వస్తువులకు లెక్కేముంది చెప్పండి! పెళ్ళినాటి పట్టుచీర దాస్తాం. పిల్లల మొదటి గౌను దాస్తాం. అమ్మమ్మ ఇచ్చిన రాచ్చిప్ప పగుళ్ళిచ్చినా పారెయ్యడానికి చేతులు రాక అటకమీద పెడతాం. ఫోటోల సంగతి సరేసరి. కాని మనిషి గొంతు మాటేమిటి? "మా అమ్మ ఇలా ఉండేది, చూడవే" అని మనవరాలికి ఫోటో చూపించగలం. "మా అమ్మ నన్నిలా పిలిచేది, వినవే" అని వినిపించగలవాళ్ళం మనలో ఎంతమందిమి?

ఇప్పుడు మన అందరి చేతుల్లోనూ సెల్‌ఫోను ఉంది. అందులో రికార్డరు ఉంది. ఎర్ర చుక్క మీద వేలు పెడితే చాలు, మాట లోపలికి పోయి కూర్చుంటుంది. ఇంత సులువుగా దొరికింది గనకనే దాని విలువ మనకు తెలియడం లేదేమోనని నా అనుమానం. ఆ ఎర్ర చుక్క వెనక నూట అరవై ఏళ్ళు దాటిన కథ ఉంది. ఆ కథ కొంచెమూ, నేను చేసిన రెండు పొరపాట్లూ ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

మాటను మొట్టమొదట పట్టుకున్నవాడు ఎడిసన్ అని మనం చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1857లో, పారిస్ నగరంలో స్కాట్ ద మార్టిన్‌విల్ అనే ఆయన ఒక యంత్రం తయారు చేశాడు. ఆయన అచ్చుపనివాడు. మన చెవిలో కర్ణభేరి ఉన్నట్టే ఆ యంత్రంలో ఒక పల్చటి పొర ఉంటుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఆ పొర అదిరి, దానికి అంటించిన సన్నని వెంట్రుక మసిపూసిన కాగితం మీద వంకర గీతలు గీస్తుంది. అంతే! మాట గీతలైంది గాని, ఆ గీతలను మళ్ళీ మాట చేసే ఉపాయం ఆయనకు లేదు. కళ్ళతో చదువుకుందామనే ఆయన ఆలోచన.

1860లో ఆయన ఒక ఫ్రెంచి పాట గీయించుకున్న కాగితం భద్రంగా ఉండిపోయింది. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఆ గీతలను కంప్యూటరుకు ఎక్కించి పాటగా మార్చారు. నూట నలభై ఎనిమిదేళ్ళ తరువాత ఆ పాట గాలిలో వినిపించింది! మొదట విన్నవాళ్ళు ఎవరో ఆడపిల్ల గొంతు అనుకున్నారు. తీరా చూస్తే వేగం లెక్క తప్పిందిట. సరిచేసి వింటే అది మగ గొంతు, నెమ్మదిగా పాడుతున్నది. బహుశా స్కాట్‌దే. ఎవరు పాడారో కాగితం మీద రాసి ఉంటే ఈ తికమకే వచ్చేది కాదు గదా! ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1877 చివర్లో అమెరికాలో థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫు తయారుచేశాడు. గొట్టంలాంటి దిమ్మకు తగరపు రేకు చుట్టి, పిడి తిప్పుతూ పిల్లల పాటొకటి అప్పజెప్పి, సూదిని మళ్ళీ మొదటికి తెచ్చి తిప్పితే ఆ యంత్రం ఆయన గొంతుతోనే పలికింది. నాలుగైదుసార్లు వినేసరికి రేకు అరిగిపోయేదనుకోండి. అయినా మాట మళ్ళీ మాటైంది. మరుసటి సంవత్సరం ఒక పత్రికలో ఆయన ఈ యంత్రం ఎందుకెందుకు పనికివస్తుందో జాబితా రాశాడు. ఉత్తరాలు చెప్పి రాయించడానికి, చూపులేని వాళ్ళకు పుస్తకాలు వినిపించడానికి, సంగీతానికి, పిల్లల చదువుకు – ఇలా సాగుతుంది. అందులో ఒకటి ఏమిటో తెలుసా? ఇంటిల్లిపాది గొంతులూ, పెద్దవాళ్ళు చివరిగా చెప్పిన మాటలూ కుటుంబం దాచుకోవడానికి అని. మనం ఇవాళ ఫోనులో చేయగలిగిన పని ఆయన 1878లోనే ఊహించి పెట్టాడన్నమాట.

మన దేశం సంగతికి వద్దాం. 1902లో గ్రామఫోను కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తాలో దిగాడు. పేరున్న ఉస్తాదులు చాలామంది ఆ యంత్రం ముందు పాడడానికి జంకారు. ముందుకు వచ్చినవాళ్ళు ఆడవాళ్ళు. వాళ్ళలో గౌహర్ జాన్ పేరు చిరస్థాయిగా నిలిచిపోయింది. గంటలతరబడి సాగే రాగాన్ని మూడు నిమిషాలలోకి కుదించి, పెద్ద బాకాలోకి మొహం పెట్టి పాడి, ఆఖరున ఇంగ్లీషులో 'నా పేరు గౌహర్ జాన్' అని గట్టిగా చెప్పేది. అది గొప్పకోసం చెప్పుకున్న మాట కాదండీ. రికార్డులు తయారయ్యేది ఎక్కడో జర్మనీలోని హానోవరులో. అక్కడి పనివాళ్ళకు ఇది ఎవరి పాటో తెలిసి చీటీ సరిగా అంటించాలంటే పాడినవాళ్ళే పేరు చెప్పాలి! స్కాట్‌కు తట్టని ఉపాయం ఇక్కడ పనికివచ్చింది.

ఆ తరవాత గ్రామఫోను మన ఊళ్ళకూ వచ్చింది. పద్యనాటకాల ప్లేట్లు, త్యాగరాజస్వామి కృతుల ప్లేట్లు ఇంటి అరుగుమీద పెట్టి వీధి వీధంతా విన్నవాళ్ళు మన పెద్దల్లో ఉన్నారు. కాని ఒక్కటి ఆలోచించండి. ప్లేటు వేయాలంటే కంపెనీ కావాలి, డబ్బు కావాలి. నటుడి గొంతు, గాయని గొంతు ఎక్కాయి గాని, దంచేటప్పుడు పాడుకున్న పాట, ఉయ్యాల దగ్గర పాడిన జోల, అప్పగింతలప్పుడు పాడిన పాట ఎంతమందివి ఎక్కాయి? నేదునూరి గంగాధరంగారి వంటివారు ఊరూరా తిరిగి ఆ పాటలు సేకరించి అచ్చువేయించబట్టి మాటలు దక్కాయి. బిరుదురాజు రామరాజుగారు వాటిమీద పరిశోధన చేసి 1958లో పుస్తకం ప్రకటించారు. మాటలు దక్కాయి సరే, ఏ ఇల్లాలు ఏ వరసలో పాడిందో ఆ వరస అచ్చులోకి రాదు గదా!

మామూలు ఇంటికి రికార్డింగు వచ్చింది అయస్కాంతం ధర్మమా అని. 1898లో డెన్మార్కు దేశస్థుడు పౌల్సెన్ ఉక్కు తీగమీద మాట నిలపవచ్చునని చూపించాడు. 1928లో జర్మనీలో ఫ్లాయిమర్ అనే ఆయన కాగితం పట్టీమీద ఇనుప పొడి అంటించి టేపు తయారుచేశాడు. 1935లో బెర్లిన్ ప్రదర్శనలో టేపు రికార్డరును జనానికి చూపారు. టేపు రాకముందు రేడియోలో ప్రసంగమంటే చాలామటుకు అప్పటికప్పుడు మైకు ముందు కూర్చుని చెప్పవలసిందే. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైనప్పటి రోజులు అవి. దగ్గు వస్తే దగ్గు కూడా ప్రసారమయ్యేది!

1963లో ఫిలిప్స్ కంపెనీవారు బెర్లిన్‌లోనే క్యాసెట్టు విడుదల చేశారు. అది తయారుచేసిన బృందానికి పెద్ద లూ ఒట్టెన్స్. ముందుగా కోటు జేబులో పట్టేటంత చెక్కముక్క ఒకటి కోయించుకుని, యంత్రం ఇంతకన్న పెద్దది కాకూడదని పట్టుబట్టాడట. క్యాసెట్టుతో మన కథ మారిపోయింది. 1970ల నుంచీ తెలుగు జిల్లాల నుంచి గల్ఫు దేశాలకు పనికి వెళ్ళినవాళ్ళు ఇంటికి టేపు రికార్డర్లు తెచ్చారు, పంపారు. మా పక్కింటి పిన్నిగారికి చదువు రాదు. కువైట్‌లో ఉన్న భర్తకు ఉత్తరం రాయించాలంటే ఎవరినో బతిమాలుకోవాలి, మనసులో మాట వాళ్ళ ముందు చెప్పుకోవాలి. క్యాసెట్టు వచ్చాక తలుపు వేసుకుని తనే మాట్లాడుకునేది. మధ్యలో పిల్లాడి ఏడుపూ, బిందె చప్పుడూ కూడా వెళ్ళేవి. ఆ చప్పుళ్ళే బాగున్నాయని ఆయన తిరుగు క్యాసెట్టులో చెప్పాడట.

ఇక నా మొదటి పొరపాటు. 1982లో మా అమ్మచేత మంగళహారతులూ, పెళ్ళిపాటలూ ఒక క్యాసెట్టు నిండా పాడించాను. దానిమీద పేరు రాయలేదు. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న పలుకులుండేవి, జ్ఞాపకముందా? అవి విరిచేస్తే దానిమీద మళ్ళీ రికార్డు చేయడానికి మీట దిగదు. అదీ చేయలేదు. ఏడాది తిరక్కుండా మా తమ్ముడు ఖాళీ క్యాసెట్టనుకుని సినిమాపాటలు ఎక్కించాడు. వాణ్ణి తిట్టి ఏం లాభం? వాడికి తెలియదు. మళ్ళీ పాడిద్దాంలే అనుకుంటూ అనుకుంటూ ఏడేళ్ళు గడిపాను. 1989లో అమ్మ పోయింది.

ఇలాంటివి పెద్దపెద్దవాళ్ళకే తప్పలేదు. 1969లో మనిషి చంద్రుడిమీద దిగినప్పటి అసలు టేపులు చెరిపేసి వేరే పనికి వాడేసి ఉంటారని అమెరికా అంతరిక్ష సంస్థవారే 2009లో ఒప్పుకున్నారు. టీవీలో ప్రసారమైన నకళ్ళు ఉండబట్టి సరిపోయింది. నకలు ఉన్నవాళ్ళు బతికిపోయారు. నా దగ్గర నకలు లేదు.

తరవాత సెల్‌ఫోను వచ్చింది. ఇందులో టేపూ లేదు, సూదీ లేదు. మాట చప్పుడును సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సీడీ పద్ధతిలో అయితే సెకనుకు 44,100 సార్లు! అంకెలు గనక ఎన్ని నకళ్ళు తీసినా అరుగూ తరుగూ ఉండదు. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఎక్కిస్తే గొంతు బొంగురుపోయేది, ఇక్కడ ఆ బాధ లేదు. చోటు కూడా ఎక్కువ తినదు. మామూలు పద్ధతిలో నిమిషానికి సుమారు ఒక ఎం.బి. పడుతుంది. మరి ఇంత సదుపాయంలో పొరపాటు ఎక్కడ వస్తుందంటారా?

డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఒకసారి ఫోను చేసి, బామ్మ ఆవకాయ కొలతలు కావాలంది. మా అత్తగారికి అన్నీ సోలల్లో, గిద్దల్లోనే లెక్క. నేను రాస్తూ కూర్చోలేక ఫోను పక్కనపెట్టి రికార్డు చేశాను. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఈ సంవత్సరం మామిడికాయల రోజుల్లో ఆ కొలతలు విందామని ఫోను తీస్తే ఏముంది? 'రికార్డింగు 1' నుంచి 'రికార్డింగు 143' వరకూ అన్నీ అంకెలే! పాలవాడి లెక్కలు, డాక్టరుగారు చెప్పిన మందులు, చీటీపాట మాటలు, పొరపాటున చెయ్యి తగిలి రికార్డయిన బస్సు చప్పుళ్ళు. ఆవిడ ఎందులో ఉన్నారో తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టి దీపాలవేళ దాకా ఒక్కొక్కటీ విన్నాను. తొంభై ఒకటోదాంట్లో దొరికారు. కొలతలన్నీ ఉన్నాయి. అవి అయిపోయాక నేను మీట నొక్కడం మరిచిపోయినట్టున్నాను. "రాసుకున్నావా అమ్మాయ్? పొద్దుటినుంచీ తిరుగుతున్నావు, కాస్త మజ్జిగ తాగి కూర్చో" అన్నారావిడ. ముప్ఫై రెండేళ్ళు కాపురం చేశాను ఆ ఇంట్లో. ఆ మాట ఆవిడ ఎన్నిసార్లు అని ఉంటారో! ఒక్కసారైనా విన్నానా అని ఆ రోజు అనిపించింది.

ఆనాటి నుంచీ నాలుగు నియమాలు పెట్టుకున్నాను. ఖర్చులేనివే, మీరూ పెట్టుకోండి.

మొదటిది, గౌహర్ జాన్ నేర్పినది. రికార్డు మొదలుపెట్టగానే ఎవరు మాట్లాడుతున్నారో, ఏ ఊళ్ళోనో, ఏ తేదీనో నోటితో చెప్పండి. ఆపగానే అంకె తీసేసి పేరు పెట్టండి. 'అత్తయ్యగారు – ఆవకాయ – 2021' అని. రేపు చేద్దామంటే ఆ రేపు రాదు.

రెండోది, వినిపించేటట్టు చేయడం. ఫంకా ఆపండి, కుక్కరు దింపండి. ఫోను అడుగున ఉండే చిన్న చిల్లు వేలితో మూయకండి. మాట్లాడేవారికి జానెడు రెండు జానల దూరంలో పెట్టండి. విమానం గుర్తు నొక్కితే మధ్యలో ఫోన్లు రావు.

మూడోది, వారానికోసారి బియ్యం ఏరినట్టు ఏరడం. పాల లెక్కలు తీసేయండి, ఉంచవలసినవి ఉంచండి. ఉంచినవాటికి నకలు తప్పనిసరి. ఒకటి కంప్యూటరులోనో పెన్‌డ్రైవులోనో, ఒకటి మీ అమ్మాయి దగ్గరో అక్కగారి దగ్గరో ఉండాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. ఫోను నీళ్ళలో పడినా, బస్సులో పోయినా గొంతు పోకూడదు.

నాలుగోది అన్నిటికన్న ముఖ్యం. చెప్పి రికార్డు చేయండి. చాటుగా చేసింది దొంగతనమే అవుతుంది. పెద్దవాళ్ళు మొదట బిగుసుకుంటారు, "నా మాటలెందుకే" అంటారు. వంకాయ కోస్తూనో, వత్తులు చేసుకుంటూనో ఉండగా అడగండి. వాళ్ళే మొదలుపెడతారు.

అచ్చుపనివాడైన ఆ స్కాట్ తన పాట తను వినకుండానే పోయాడు. మా అమ్మ పాట నేను చేజేతులా పోగొట్టుకున్నాను. మీకు ఆ గతి రాకూడదు. ఈ ప్రసంగం అయిపోగానే రేడియో కట్టేసి, ఇంట్లో ఉన్న పెద్దావిడ దగ్గరికి వెళ్ళి కూర్చోండి. ఆవిడ చిన్నప్పుడు నేర్చుకున్న పాట ఒకటి అడగండి. పేరు పెట్టడం మాత్రం మరిచిపోకండేం.