నాలుగోసారి తలపడి ఉంటే!

మనీలా పోరుకు 2025 అక్టోబరు 1తో యాభై ఏళ్లు నిండాయి. పాత ఫొటోలన్నీ దుమ్ము దులుపుకొని మళ్లీ అచ్చయ్యాయి. మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మూడుసార్లు తలపడ్డారు. ఆ మూడింటి గురించీ రాయగలిగినవాళ్లంతా రాసేశారు. అందుకని ఈ ఆదివారం జరగని నాలుగో పోరు సంగతి చూద్దాం. ఊహే, కాదనను. కానీ దానికి కావలసిన సరంజామా అంతా 1981 డిసెంబరులో ఉంది. ఒక్క కబురు చాలక జరగలేదంతే.

ఓడినవాడు మళ్లీ వచ్చి తొడగొట్టడం కొత్త ముచ్చట కాదు. సుగ్రీవుడు మొదటిసారి వాలి చేతిలో చావుదెబ్బలు తిని పారిపోయి వచ్చాడు. రెండోసారి వెళ్లేటప్పుడు మెడలో గజపుష్పి తీగ వేసి పంపారు, ఎవరు ఎవరో రాముడికి తెలియాలని. ఆ రీమ్యాచ్‌లో రెఫరీ లేడు, చెట్టుచాటున విలుకాడున్నాడు. అటు రోమన్ల వైపు వెళ్తే, వర్జిల్ తన మహాకావ్యం అయిదో సర్గలో ఎంటెల్లస్ అనే ముసలి మల్లుణ్ని బరిలోకి దింపాడు. అవతలివాడు డారెస్, మంచి వయసులో ఉన్న కుర్రాడు. ముసలాయన ఒక దెబ్బ గురితప్పి తానే బోర్లా పడ్డాడు. లేచాక ఆ కుర్రాణ్ని చితకబాది, బహుమానంగా వచ్చిన ఎద్దును కొమ్ముల మధ్య ఒక్క గుద్దుతో కూల్చి, చేతి పట్టీలు అక్కడే వదిలేశాడు. గెలిచిన పూటే తప్పుకునే తెలివి ఆ తర్వాత ఈ ఆటలో ఎంతమందికి వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అక్కణ్నుంచి పదిహేడు శతాబ్దాలు ఒక్క గెంతులో దాటేద్దాం. లండన్‌లో జేమ్స్ ఫిగ్ గోదా తెరిచాడు, జాక్ బ్రౌటన్ 1743లో నియమాలు రాశాడు. 1810లో టామ్ క్రిబ్ చేతిలో ఓడిన నల్లజాతి అమెరికన్ టామ్ మాలినో మరుసటేడు మళ్లీ తలపడి మళ్లీ ఓడాడు. ఇక 1910 జులై 4న రీనోలో జరిగింది ఈ వ్యాసానికి దగ్గరి చుట్టం. అల్ఫాల్ఫా గడ్డి పండించుకుంటున్న మాజీ ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్‌ని ఆరేళ్ల తర్వాత పొలంలోంచి లాక్కొచ్చారు. నల్లజాతి ఛాంపియన్ జాక్ జాన్సన్‌ని దించడానికి తెల్లవాళ్లకు ఇంకెవరూ దొరకలేదు మరి. జెఫ్రీస్ నలభై కిలోలకు పైగా తగ్గి వచ్చాడు. తగ్గిన బరువుతో పాటు పోయిన వయసు తిరిగిరాలేదు. పదిహేనో రౌండులో కథ ముగిసింది, ఆ రాత్రే అమెరికా ఊళ్లలో నల్లవాళ్ల మీద దాడులు మొదలయ్యాయి.

ఊహాపోరులకూ ఒక పూర్వచరిత్ర ఉంది. 1969లో రేడియో నిర్మాత ముర్రే వొరోనర్‌కి ఒక ఆలోచన వచ్చింది: ఓటమి ఎరగని రాకీ మార్సియానో, ఓటమి ఎరగని అలీ తలపడితే? కంప్యూటర్‌కి లెక్కలు తినిపించాడు. 45 ఏళ్ల మార్సియానో ఒళ్లు తగ్గించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకుని మయామీ వచ్చాడు. యుద్ధానికి వెళ్లనన్నందుకు నిషేధంలో ఉన్న అలీకీ పని కావాలి. ఇద్దరూ కెమెరా ముందు ఒక్కో నిమిషం రౌండ్లు డెబ్బై దాకా ఆడారు, ఏ ముగింపుకైనా పనికొచ్చేలా. 1970 జనవరిలో ఆ సినిమా థియేటర్లకొచ్చేసరికి మార్సియానో లేడు, విమాన ప్రమాదంలో పోయాడు. తెరమీద మాత్రం పదమూడో రౌండులో అలీని పడగొట్టాడు.

ఆ నిషేధం రోజుల్లోనే అలీకి దన్నుగా నిలిచినవాడు జో ఫ్రేజియర్. డబ్బు సర్దాడు, లైసెన్సు తిరిగి ఇవ్వాలని గొంతెత్తాడు. తీరా 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఎదురుపడ్డాక అలీ నోటికి హద్దు లేకపోయింది. ఆ రాత్రి పదిహేనో రౌండులో ఫ్రేజియర్ ఎడమచేతి హుక్‌కి అలీ వెల్లకిలా పడ్డాడు. ఫ్రేజియర్ గెలిచాడు, గెలిచి ఆసుపత్రిలో చేరాడు. 1974లో పాయింట్ల మీద అలీ గెలుపు. 1975లో మనీలా: పొద్దున పదిన్నర దాటాక మొదలైన పోటీ, ఉడికిపోతున్న కొలీసియం, ఫ్రేజియర్‌ని గొరిల్లా అంటూ జేబులోంచి రబ్బరు బొమ్మ తీసి విలేకరుల ముందు గుద్దిన అలీ. పద్నాలుగో రౌండు ముగిశాక కళ్లు మూసుకుపోయిన ఫ్రేజియర్‌ని ట్రైనర్ ఎడ్డీ ఫుచ్ లేవనివ్వలేదు. ఫ్రేజియర్ ఆ గొరిల్లా మాట క్షమించలేదు, ఆ బొమ్మను మరిచిపోలేదు.

ఇప్పుడు నాకిష్టమైన ఆ డిసెంబరుకి వద్దాం.

1981 నాటికి అలీ మన దేశం కూడా వచ్చి వెళ్లాడు. 1980 జనవరిలో ఢిల్లీలో మన కౌర్ సింగ్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. అదే ఏడాది అక్టోబరులో లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిని, పదకొండోదానికి లేవలేదు. ఆ తర్వాత అమెరికాలో ఆడనిచ్చేవాళ్లు కరువై బహామాస్ దారి పట్టాడు. ఫ్రేజియర్ సంగతి వేరు. 1976లో జార్జ్ ఫోర్‌మన్ చేతిలో రెండోసారి ఓడాక గ్లవ్స్ పక్కనపెట్టి, ఫిలడెల్ఫియాలో జిమ్ నడుపుకుంటూ, నాకౌట్స్ అని పేరు పెట్టుకున్న బృందంతో పాటలు కూడా పాడాడు. అయిదేళ్ల తర్వాత ఏ పురుగు కుట్టిందో, మళ్లీ బరిలోకి వస్తానన్నాడు.

డిసెంబరు 3, షికాగో. 37 ఏళ్ల ఫ్రేజియర్, 104 కిలోల బరువు. ఎదురుగా జైల్లో కండలు పెంచి వచ్చిన జంబో కమింగ్స్. ఒకప్పుడు ఆవిరియంత్రంలా పొగలు కక్కుతూ మీదికొచ్చే మనిషి ఇప్పుడు కిందికి వంగితే లేవడానికి ఆలోచిస్తున్నాడు. పది రౌండ్లయ్యాక జడ్జీలు డ్రా అన్నారు.

డిసెంబరు 11, బహామాస్‌లోని నసావ్. అలీకి నలభై నిండటానికి ఇంకా నెల పైచిలుకు. 107 కిలోలు. ప్రత్యర్థి 27 ఏళ్ల ట్రెవర్ బెర్బిక్. నిర్వాహకులు స్టేడియం కట్టారు, టికెట్లు అచ్చేశారు, గంట తేవడం మరిచిపోయారు. రౌండు మొదలైందని చెప్పాలి కదా, ఎక్కడో వెతికి ఆవు మెడలో కట్టే గంట పట్టుకొచ్చారు. గ్లవ్స్‌కీ కటకటే. ముందు ఆడినవాళ్ల చేతుల నుంచి ఓపిగ్గా తాళ్లు విప్పి తర్వాతివాళ్లకు తొడిగారు. మామూలుగా అయితే పోటీ అవగానే కత్తెరతో కోసి పారేస్తారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మందికి ముఖం తెలిసిన మనిషి ఆఖరి పోటీ అలా ఆవుగంట మోతతో మొదలై, పది రౌండ్ల తర్వాత ఓటమితో ముగిసింది.

ఎనిమిది రోజులు! రెండు ఊళ్లు, ఇద్దరు ఎవరెవరో ప్రత్యర్థులు. ఎవరైనా బుద్ధిమంతుడు ఒక ఫోన్ చేసి ఆ ఇద్దరినీ ఒకే బరికి పిలిచి ఉంటే? బుద్ధిమంతుడైతే పిలవడనుకోండి.

సరే, పిలిచాడనే అనుకుందాం. ఫ్రేజియర్ పుట్టినరోజు జనవరి 12, అలీది 17. నడిమధ్యలో మన సంక్రాంతి. 1982 కనుమనాడు పెట్టేద్దాం. భీమవరం బరుల్లో కూడా ముసలి పుంజుని ఎవరూ దింపరు గానీ, ఊహకి ఆ నియమం లేదు. పదిహేను రౌండ్లు వద్దు, పది చాలు. గంట మాత్రం సొంతది తెచ్చుకుందాం.

మొదటి మూడు రౌండ్లు అలీవే. కాళ్లు ఆడకపోయినా చెయ్యి పొడుగు తగ్గదు. ఫ్రేజియర్ కుడివైపు నుంచి వచ్చే దెబ్బల్ని కాచుకున్నా, చూపు సరిగా ఆనని ఎడమకంటి వైపు నుంచి అలీ కుడిచెయ్యి దూరుతుంది. నాలుగులో అలీ తాళ్లకు ఆనుకుంటాడు. కిన్షాసాలో ఫోర్‌మన్ ముందు అది ఎత్తుగడ, ఇక్కడ అవసరం. ఫ్రేజియర్‌కి కావలసిందీ అదే, వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు. అలీ ఎడమచేత్తో మెడ పట్టి కిందికి నొక్కుతాడు, 1974లో రెండో పోరంతా చేసిన పనే. రెఫరీ విడదీస్తాడు, మళ్లీ కావలించుకుంటారు. జనం ఈలలేస్తారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ తొలిచేది మాటల సంగతి. అలీ ఆటలో సగం నోరే. ఆ నోరు అప్పటికే మందగించింది, మాట ముద్దగా వస్తోంది. మూడేళ్లు తిరక్కుండానే పార్కిన్సన్స్ అని వైద్యులు తేల్చారు. పదకొండేళ్లుగా ఒక్క జవాబూ తిప్పికొట్టలేక లోపల కుమిలిన ఫ్రేజియర్ ఈసారి మాటల్లో సమానమయ్యేవాడు. అయినా అనేవాడు కాదు, గుద్దేవాడు.

తీర్పు అడుగుతారు. ఎడమ హుక్‌కి కాళ్లతో పెద్దగా పనిలేదు, నడుము తిరిగితే చాలు. ఎనిమిదో రౌండులో ఒకటి తగులుతుంది, అలీ పడడు గానీ ఊగుతాడు. నా కార్డు మీద ఫ్రేజియర్, ఒక్క పాయింటు తేడాతో. పక్షపాతం అంటారా, అనండి. మూడింట రెండు అలీకే రాసిచ్చిన చరిత్రకి ఒక్క పాయింటు పెద్ద లెక్కలోది కాదు.

నిజం పోరులో నాలుగోది కూతుళ్లకు దక్కింది. 2001 జూన్ 8న న్యూయార్క్ రాష్ట్రంలోని వెరోనాలో 23 ఏళ్ల లైలా అలీ, 39 ఏళ్ల లాయరమ్మ జాకీ ఫ్రేజియర్ ఎనిమిది రౌండ్లు ఆడారు. పాయింట్ల మీద లైలా గెలిచింది. చేతుల నైపుణ్యం మాటెలా ఉన్నా పౌరుషానికి లోటు రాలేదు. ఆ ఏడాదే అలీ ఒక పత్రికాముఖంగా జోకి క్షమాపణ చెప్పుకున్నాడు, తనకు నేరుగా చెప్పలేదని జోకి కినుక. 2011 నవంబరులో ఫ్రేజియర్ పోయాడు. ఫిలడెల్ఫియాలో అంత్యక్రియలప్పుడు అందరూ లేచి చప్పట్లు కొట్టండని జెస్సీ జాక్సన్ కోరితే, అలీ కూడా లేచి నిలబడి కొట్టాడు.

అక్కడి నుంచి కథ పద్ధతిగా సాగదు. 1994లో ఫోర్‌మన్ 45వ ఏట మళ్లీ ఛాంపియనై అందరి లెక్కలూ తప్పించాడు. పైగా, తర్వాతి ముసలివాళ్లందరికీ ఆశలు పెట్టాడు. 1999లో హ్యూస్టన్‌లో ఫోర్‌మన్, హోమ్స్ తలపడతారన్నారు, డబ్బు దగ్గర తెగింది. 2020లో 54 ఏళ్ల మైక్ టైసన్, రాయ్ జోన్స్‌తో ప్రదర్శన పోటీ ఆడితే డ్రా అన్నారు. మరుసటేడు ఇవాండర్ హోలీఫీల్డ్ 58వ ఏట దిగి మొదటి రౌండులోనే కూలాడు. ఆ మధ్యలో టైసన్ మన పూరి జగన్నాథ్ ‘లైగర్’లో విజయ్ దేవరకొండకి ఎదురుపడ్డాడు. ఆ పోరు చూసినవాళ్లు దాని గురించి ఎక్కువ మాట్లాడరు. 2024లో యూట్యూబర్ జేక్ పాల్‌తో టైసన్ పోటీ చూద్దామని కూర్చున్నవాళ్ల తెరల మీద బొమ్మ కన్నా తిరిగే చక్రమే ఎక్కువసేపు కనిపించింది.

టైసన్, హోలీఫీల్డ్ మధ్య మూడో పోరు గురించి 2021లో గట్టిగానే బేరాలు నడిచాయి, తెగలేదు. 1997లో టైసన్ కొరికిన చెవి బాకీ అలాగే ఉండిపోతుందనుకున్నాం. 2022లో ఇద్దరూ కలిసి ఒక వ్యాపారం పెట్టారు: గంజాయి కలిపిన జెల్లీ బిళ్లలు, కొరికిన చెవి ఆకారంలో.